బర్మా నుండి వచ్చిందంటున్న వంకుల బాకు నిజంగా ఎక్కడిది?

ప్రశ్న: కళింగతీరం

అందరికీ నమస్కారం. మా కుటుంబంలో తరతరాలుగా భద్రపరుస్తూ వస్తున్న ఒక బాకు గురించి, విషయం తెలిసినవారి సలహా కోరుతూ ఇది వ్రాస్తున్నాను. మాది శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డున ఉన్న గ్రామం. మా తాతగారి అన్నగారు చిన్న వయసులోనే రంగూన్ వెళ్లి, అక్కడి రేవులో పని చేసి, 1942లో జపాను సేనలు బర్మాలోకి చొచ్చుకువచ్చినప్పుడు వేలాదిమంది తెలుగువారితో పాటు తిరిగి వచ్చారు. ఈ బాకు ఆయన వెంట వచ్చినదేనని ఇంట్లో చెప్పుకుంటారు కాబట్టి అందరమూ దీనిని బర్మా కత్తి అనే పిలుస్తాము. ఇటీవల పాత వస్తువులు కొనే వ్యాపారి ఒకరు దీనిని చూసి, ఇది జావాలోని మజపహిత్ రాజుల కాలపు ఆయుధమనీ, దీని వయస్సు ఆరు వందల ఏళ్లనీ చెప్పి వెళ్లారు. ఈ రెండు మాటలకూ పొంతన కుదరడం లేదు. అమ్మే ఉద్దేశం మాకు ఎంతమాత్రమూ లేదు. ఇది ఎక్కడ పుట్టిందో తెలిస్తే ఒక చీటీ మీద వ్రాసి, రాబోయే తరం వారి కోసం దాని పక్కన ఉంచాలని మా కోరిక.

వర్ణన ఇది. అలుగు పొడవు 34 సెంటీమీటర్లు; రెండు అంచులూ పదునుగా ఉన్నాయి. పాము పాకినట్లు వంకులు తిరిగి ఉంది. నా లెక్కకు ఆరు వంకులు వచ్చాయి. పిడి దగ్గర అలుగు ఒక వైపు బాగా వెడల్పుగా, మరో వైపు ఇరుకుగా ఉంది; వెడల్పు వైపున ఏనుగు తొండంలా చుట్టుకున్న చిన్న కొక్కెం ఉంది. దానికి కొంచెం కింద, అలుగుకు అడ్డంగా వెంట్రుకంత సన్నని గీత ఒకటి కనిపిస్తున్నది. ఇనుము నల్లగా, గరుకుగా ఉంది. కిటికీ వెలుగు ఏటవాలుగా పడినప్పుడు మాత్రం దానిలో తెల్లని చారలు తేలుతున్నాయి. పిడి నల్లని కొయ్యది, ముందుకు వంగి ఉంది. రెక్కలు ముడుచుకుని తల పక్కకు వాల్చిన పక్షిలా మాకు తోచింది. పిడి మొదట ఇత్తడి గిన్నె వంటిది ఉంది. ఒరకు పైభాగాన పసుపు రంగు చారల కొయ్యతో చేసిన వెడల్పాటి అడ్డుముక్క, కింది కొసన వేరే కొయ్యతో చేసిన చిన్న పాదం ఉన్నాయి.

ఇది బర్మాదా, జావాదా, మరో చోటిదా? వయస్సు చెప్పడానికి ఏవైనా గట్టి గుర్తులుంటాయా?

సమాధానం: ఇనుపగీత

మీ వర్ణనను బట్టి ఇది బర్మా పనితనం కాదని నిస్సందేహంగా చెప్పవచ్చు. బర్మా వారి ‘ధా’ పెద్దదైనా చిన్నదైనా ఒకే అంచు పదునుతో, కొద్దిపాటి వంపుతో, చేతికి అడ్డుకట్ట లేని గుండ్రటి పిడితో ఉంటుంది; దాని రూపానికీ మీరు చెప్పినదానికీ ఎక్కడా పోలిక లేదు. రెండంచుల అలుగు, మొదట్లో ఒక వైపుకు విస్తరించిన ఆకారం, తొండం వంటి కొక్కెం, అడ్డగీత, ఈ నాలుగూ ఒక్కచోట కనిపిస్తే అది క్రిస్. ఇండోనేషియా, మలేషియా, దక్షిణ థాయ్‌లాండ్, దక్షిణ ఫిలిప్పీన్స్, ఈ మొత్తం ప్రాంతంలో ఇది వాడుకలో ఉన్న ఆయుధం. వీటిలో ఫిలిప్పీన్స్‌ను ముందుగానే పక్కన పెట్టవచ్చునని నా అభిప్రాయం. మిందనావ్, సులు ప్రాంతాల మోరోల (అక్కడి ముస్లిం జాతులవారి) క్రిస్ పొడవులోనూ బరువులోనూ నరకడానికి పనికివచ్చే ఖడ్గమే తప్ప పొడిచే బాకు కాదు. దాని పిడి కాకతువ్వ చిలుక తల ఆకారంలో ఉంటుంది, పిడినీ అలుగునూ కలిపి పట్టి ఉంచే లోహపు బద్దీలు కూడా సాధారణంగా కనిపిస్తాయి. మీ బాకులో ఆ లక్షణాలేవీ లేవు. మిగిలిన ప్రాంతాల మధ్య తేడా తేల్చడానికి నాకంటే ఎక్కువ పరిచయం ఉన్నవారు ఇక్కడ ఉన్నారు కాబట్టి ఆ భాగాన్ని వారికే వదలుతున్నాను.

సమాధానం: కొలిమి

కళింగతీరం గారూ, క్రిస్ విషయంలో పుట్టిన చోటు అడిగినప్పుడు జవాబుగా ఒకే ఊరి పేరు రాదన్న సంగతి ముందుగా గ్రహించాలి. అలుగు, పిడి, పిడి మొదటి గిన్నె, ఒర అనేవి నాలుగు వేర్వేరు వస్తువులు. వాటిని వేర్వేరు పనివారు చేస్తారు, అవి వేర్వేరు కాలాల్లో మారుతూ వస్తాయి. అలుగు వంశంలో ఒకరి నుండి ఒకరికి అందుతుంది, ఒర పగిలితే కొత్తది చేయిస్తారు, పిడి యజమాని హోదాను బట్టి, ఊరి వాడుకను బట్టి మారుతుంది. కాబట్టి అలుగు అది ఏ కొలిమిలో పుట్టిందో చెబుతుంది, ఒరా పిడీ అది చివరిగా ఎవరి నడుమున ఉన్నదో చెబుతాయి. మీ ఒక్క బాకుకు రెండు మూడు జవాబులు రావచ్చు, వాటిలో ఏదీ అబద్ధం కానక్కరలేదు.

మీరు చెప్పిన అడ్డగీతతో మొదలుపెడతాను, ఎందుకంటే నా దృష్టిలో అన్నిటికంటే విలువైన గుర్తు అదే. క్రిస్ అలుగు అడుగు భాగం ఒకే ముక్క కాదు. ‘గంజ’ అనే చిన్న ఇనుప ముక్కను విడిగా చేసి, దాని మధ్యలో రంధ్రం తొలిచి, పిడిలోకి దిగే ఊచను ఆ రంధ్రంలోంచి పోనిచ్చి, అలుగు అడుగుకు సందు లేకుండా బిగిస్తారు. మంచి పనితనంలో ఆ అతుకు సన్నని గీతలా మాత్రమే కనిపిస్తుంది. పర్యాటకుల కోసం చేసిన చవకరకం బాకుల్లో ఈ ముక్క విడిగా ఉండదు. అలుగు మీద ఒక గీత గీసి ఊరుకుంటారు. మోరోల క్రిస్‌లలో కూడా ఇరవయ్యో శతాబ్దంలో చేసిన వాటిలో గీత మాత్రమే చెక్కడం ఎక్కువైంది. కాబట్టి మీరు భూతద్దం పెట్టి, ఆ గీత రెండు ముఖాల మీదా, అంచుల మీదా, వెనుక వైపునా తెగకుండా చుట్టి వస్తున్నదో లేదో చూడండి. అలా వస్తే అది నిజమైన అతుకు.

వంకులు ఆరు అన్నారు. క్రిస్ సంప్రదాయంలో వంకులు బేసి సంఖ్యలోనే ఉంటాయి. మూడు, అయిదు, ఏడు, తొమ్మిది, పదకొండు, పదమూడు, అంతకు మించినవి కూడా ఉన్నాయి, అసలు వంకులే లేని తిన్నని అలుగులు కూడా ఎన్నో ఉన్నాయి. సరి సంఖ్య వచ్చిందంటే సాధారణంగా లెక్కలో ఒకటి తప్పిపోయిందని అర్థం, మొన దగ్గర ఉండే చివరి వంపు చాలా మృదువుగా ఉండి కంటికి అందదు. కాగితం మీద అలుగు అంచుల గీత గీసుకొని, తొండం పైన వచ్చే మొదటి వంపు నుండి కుడి ఎడమలుగా మార్చి మార్చి లెక్కించండి.

ఇక వ్యాపారి చెప్పిన మజపహిత్ మాట. ఆ సామ్రాజ్యం 1293లో తూర్పు జావాలో మొదలై పదహారో శతాబ్ది తొలి దశకాల వరకు నిలిచింది. అంత పాత క్రిస్‌లు లేకపోలేదు. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒకప్పుడు ట్రోపెన్ మ్యూజియం అనిపించుకున్న వెరెల్డ్ మ్యూజియంలో శక సంవత్సరం 1264, అంటే క్రీ.శ. 1342 అని చెక్కి ఉన్న అలుగు ఒకటి ఉంది, దానిని పందొమ్మిదో శతాబ్దంలో జావా రాజవంశీకుడైన పాకు ఆలం, చార్లెస్ క్నౌడ్ అనే డచ్చి వైద్యునికి బహూకరించారు. తేదీ గల అటువంటి అలుగులు బహు అరుదు. తేమ నిండిన ఆ దీవులలో ఇనుము నిలవడమే కష్టం, పైగా ఏటేటా పుల్లని రసాలతో కడిగే ఆచారం వల్ల అలుగు తరతరానికీ పలచబడుతుంది. మరి బజారులో మజపహిత్ క్రిస్ అన్న మాట ఎలా పుట్టింది? పిడీ అలుగూ ఒకే ఇనుముతో కలిసి ఉండి, పిడి స్థానంలో చిన్న మనిషి బొమ్మ ఉండే పొట్టి బాకులను వ్యాపారులు ఆ పేరుతో అమ్ముతూ వచ్చారు. అవి నైవేద్యాలలో, పొలాల పూజలలో పెట్టే బాకులు. వాటికీ సామ్రాజ్యానికీ ముడి లేదు. మీది ఆ రకం కూడా కాదు. ఆ మాటను పూర్తిగా విడిచిపెట్టండి.

అయితే క్రిస్ మీద జావాకు ఉన్న హక్కు చిన్నది కాదు. మధ్య జావాలో లావు పర్వతం వాలున పదిహేనో శతాబ్దపు సుకుహ్ ఆలయంలో ఒక శిల్పఫలకం ఉంది. అందులో భీముడు కొలిమి దగ్గర కూర్చుని ఆయుధాన్ని సాగగొడుతుంటాడు, మధ్యలో గణపతి నాట్యభంగిమలో నిలిచి ఉంటాడు, అర్జునుడు నిలువు గొట్టాల కొలిమితిత్తిని నడుపుతుంటాడు. కమ్మరి పనిని ఆ సమాజం ఎంత పవిత్రంగా చూసిందో తెలియడానికి ఆ ఒక్క ఫలకం చాలు. భారతం చదివిన తెలుగువారెవరైనా వీలున్నప్పుడు దాని ఫోటో అయినా చూడాలని నా మనవి.

మీరు చెప్పిన తెల్లని చారలను ‘పమోర్’ అంటారు. మామూలు ఇనుము పొరల మధ్య నికెల్ కలిసిన ఇనుమును పెట్టి, కాల్చి, మడిచి, సాగగొట్టి, చివరకు పాషాణమూ (ఆర్సెనిక్) నిమ్మరసమూ కలిపిన ద్రవంతో తడిపితే మామూలు ఇనుము నల్లబడుతుంది, నికెల్ పొర తెల్లగా మిగులుతుంది. జావాలో ప్రంబనన్ దగ్గర పడిన ఉల్కాశకలాన్ని 1797లో సురకర్త రాజభవనానికి తరలించి, దాని ఇనుమును ఇందుకు వాడారు. అంతమాత్రాన ప్రతి పమోర్‌లోనూ ఉల్క ఉందనుకోకూడదు. సులవేసి దీవిలోని లువు ప్రాంతపు నికెల్ ఇనుము చాలా కాలం దీవులన్నింటికీ వెళ్లేది, తర్వాత ఐరోపా నుండి వచ్చిన నికెల్ కూడా వాడుకలోకి వచ్చింది. మీ అలుగు గరుకుగా ఉందని చెప్పడం మాత్రం ఎంతో పనికివచ్చే విషయం. బాలి దీవిలో అలుగును నున్నగా మెరుగుపెడతారు, కొలత కూడా పెద్దదిగా ఉంటుంది. కాబట్టి బాలి కూడా తప్పుకున్నట్టే.

జావా, మదుర, సుమాత్రా, సులవేసి, మలయ్ ద్వీపకల్పం మిగిలాయి. మధ్య జావా పిడి నిటారుగా లేచి పైన కొద్దిగా ముందుకు వాలుతుంది, లోపలి వైపు రెండు చిన్న ముఖచిహ్నాలు చెక్కి ఉంటాయి. ఒర కాండానికి సాధారణంగా లోహపు తొడుగు ఉంటుంది, కింద విడి పాదం ఉండదు. మీ ఒరకు తొడుగు లేదు, విడి పాదం ఉంది. అది సులవేసి దీవికి చెందిన బుగిస్ జాతివారి నుండి విస్తరించిన పద్ధతి. 1669లో మకస్సర్ కోట డచ్చివారి వశమైన తర్వాత ఆ దీవివారు ఓడలెక్కి దేశదేశాలకు వలస వెళ్లారు. పద్దెనిమిదో శతాబ్దంలో రియావ్, జోహోర్ మలయ్ రాజ్యాల రాజకీయాలను నడిపించారు, సెలంగోర్‌లో రాజవంశాన్నే స్థాపించారు. వారి వెంట వారి ఒర ఆకారమూ వెళ్లి సుమాత్రా తూర్పు తీరంలోనూ, మలయ్ ద్వీపకల్పంలోనూ స్థిరపడింది. కాబట్టి బుగిస్ ఒర అన్నంత మాత్రాన సులవేసి అనడానికి వీలులేదు. దానిని తేల్చవలసింది పిడి.

సమాధానం: పెరాక్ తోటలు

నేను మలేషియాలో, పెరాక్ రాష్ట్రంలో పుట్టి పెరిగిన తెలుగువాడిని. మా ముత్తాతలు బగాన్ దాతోహ్ కొబ్బరితోటలకు వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. ఇక్కడ మలయ్ పెళ్లికొడుకు నడుమున క్రిస్ కట్టుకోవడం ఇప్పటికీ చూస్తూనే ఉంటాము, అందువల్ల కళింగతీరం గారి పిడి వర్ణన చదవగానే నాకు తెలిసిన ఆకారం కళ్లముందు నిలిచింది.

అది పక్షి కాదు. చేతులు ముడుచుకుని, చలికి ముడుచుకుపోయినట్లు వంగి, తల ఒక పక్కకు వాల్చి కూర్చున్న మనిషి ఆకారం. దీనిని ఇక్కడ ‘జావా దెమమ్’ పిడి అంటారు. తరతరాలుగా చెక్కుతూ చెక్కుతూ ముఖం అరిగి ముక్కులా మారిపోవడం వల్ల చాలామందికి పక్షిగానే కనిపిస్తుంది. పిడిని ఏటవాలు వెలుగులో తిప్పి చూస్తే, పొట్ట మీదుగా ఒక చేయి అడ్డంగా వెళ్లడం, మోకాలి దగ్గర ఆకుతీగల నగిషీ ఉండడం గమనించవచ్చు. ఈ పిడి సుమాత్రాలోనూ ద్వీపకల్పంలోనూ ప్రసిద్ధం. సులవేసిలో స్థిరపడిన బుగిస్ వారి పిడి అయితే తుపాకి పిడిలా దాదాపు లంబకోణంలో వంగి ఉంటుంది. పతానీ, కెలంతాన్ ప్రాంతాల పిడికి పొడవైన ముక్కు ముందుకు సాగి ఉంటుంది, ఒకసారి చూసినవారు దానిని మరచిపోలేరు.

ఒర అడ్డుముక్క పసుపు రంగు చారల కొయ్య అన్నారు. అది ‘కెమునింగ్’ అయి ఉండవచ్చు. మన కరివేపాకుకు దగ్గరి బంధువైన చెట్టు అది, మలయ్ ఒరలకు ఎంతో ఇష్టపడి వాడతారు.

మీ పెద్దల మాటను కూడా కొట్టిపారేయకండి. రంగూన్, పెనాంగ్, సింగపూర్ రేవుల మధ్య ఓడలు నిరంతరం తిరిగేవి, ఆ ఓడల మీదా రేవుల్లోనూ అన్ని జాతుల వారూ కలిసి పనిచేశారు. బర్మా దక్షిణపు కొసన కౌథౌంగ్ ప్రాంతంలో మలయ్ మాట్లాడే కుటుంబాలు నేటికీ ఉన్నాయి. మలయ్ బాకు ఒకటి రంగూన్ రేవులో పనిచేసే తెలుగువారి చేతికి రావడంలో ఏ వింతా లేదు.

కళింగతీరం

అందరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. మీరు చెప్పినట్లే అన్నీ పరిశీలించాను. కాగితం మీద గీసి లెక్కిస్తే వంకులు ఏడు వచ్చాయి. కొలిమి గారు అన్నట్లు మొన దగ్గరి వంపు చాలా స్వల్పంగా ఉంది. అడ్డగీత నాలుగు వైపులా తెగకుండా చుట్టి వస్తున్నది, తొండానికి ఎదురుగా ఉన్న కొసన దానిలో దారం దూరేంత సందు కూడా ఉంది. పిడి మీద అడ్డంగా వెళ్లే చేయి, దానికి నాలుగు చిన్న గాట్లతో చూపిన వేళ్లు స్పష్టంగా తెలిశాయి. ఇన్నేళ్లుగా ఇంట్లో ఉన్నా మేమెవరమూ గమనించని సంగతి అది.

మరో రెండు విషయాలు అడగాలి. ఒర నోటిలో అలుగు వదులుగా కూర్చుంటున్నది. లోపల ఒక పక్కన సన్నని వెదురు పుల్లను ఇరికించి ఉంది. రెండవది, అలుగు ఒక ముఖం మీద మాత్రమే చారలు బాగా తెలుస్తున్నాయి. ఎప్పుడో ఒక దసరాకు ఆయుధపూజ కోసం ఇంట్లోవారు రెండో ముఖాన్ని చింతపండుతో తళతళలాడేలా తోమారట. దానిని తిరిగి నల్లబరచవచ్చా?

సమాధానం: కొలిమి

ఒర నోటి సంగతి చాలా ముఖ్యమైనది. ఒర చేసే పనివాడు అలుగును ఎదురుగా పెట్టుకొని, గంజ వంపుకు సరిగ్గా సరిపోయేలా నోరు తొలుస్తాడు. కాబట్టి తన కోసమే చేసిన ఒరలో అలుగు కదలదు. వెదురు పుల్ల అవసరమైందంటే ఆ ఒర మరో అలుగు కోసం చేసినదని దాదాపు నిశ్చయంగా చెప్పవచ్చు. ఒర, పిడి మలయ్ ద్వీపకల్పానికో, సుమాత్రా తూర్పు తీరానికో చెందినవి. అలుగు ప్రత్యేకంగా ఎవరిదో పమోర్ తీరు, గంజ పైనుండి చూసిన ఆకారం చూడకుండా నేను తేల్చలేను, అయితే నిజమైన అతుకు, తొండం, ఏడు వంకులు, 34 సెంటీమీటర్ల పొడవు, ఇవన్నీ ధరించడం కోసం శ్రద్ధగా చేసిన పాత అలుగునే సూచిస్తున్నాయి. 1942కు ముందే చేతులు మారి, ఒర మార్చుకొని వచ్చింది కాబట్టి పందొమ్మిదో శతాబ్దం అనడం సమంజసంగా తోస్తున్నది. చీటీలో అలుగుకు ఒక వాక్యం, పిడికీ ఒరకూ మరో వాక్యం, రంగూన్ కథకు ఇంకో వాక్యం విడివిడిగా వ్రాయండి. ఏది కంటితో చూసినది, ఏది పెద్దలు చెప్పినది అన్న తేడా అందులో తెలియాలి.

ఎందుకింత జాగ్రత్త అంటే, రాజులూ ప్రభుత్వాలూ కాపాడిన క్రిస్‌ల విషయంలో కూడా వివాదం తప్పలేదు. 1825 నుండి 1830 వరకు డచ్చివారితో పోరాడిన జావా రాకుమారుడు దీపనెగర క్రిస్‌ను, పాత పత్రాలూ అలుగు లక్షణాలూ పోల్చి చూసిన తర్వాత, నెదర్లాండ్స్ 2020 మార్చిలో ఇండోనేషియాకు తిరిగి అప్పగించింది. పత్రాల్లో ఉన్నది నాగ సిలుమన్ అనే పేరు. అప్పగించిన అలుగు రూపం మాత్రం నాగసస్ర అనే మరో రకమని ఇండోనేషియా నిపుణులు కొందరు అభ్యంతరం చెప్పారు.

అలుగును నల్లబరిచే ప్రయత్నం ఇంట్లో దయచేసి చేయకండి. అందుకు వాడేది పాషాణం, అది ప్రాణాంతకం. ఒట్టి నిమ్మరసమైనా, చింతపండైనా ఇనుమును తినివేయడమే తప్ప మరో మేలు చేయదు. పొడి గుడ్డతో తుడిచి, తేలికపాటి నూనెను పలచగా పూసి, కొంచెమైనా మిగిలిపోకుండా మళ్లీ తుడవండి. ఒరలోంచి తీసేటప్పుడు అలుగును పట్టి లాగవద్దు. పిడిని ఒక చేత్తో నిలకడగా పట్టుకొని, రెండో చేత్తో ఒరను మెల్లగా జార్చండి. పిడిని తిప్పి ఊడదీయకండి, లోపలి ఊచ తుప్పు పట్టి ఉంటే మొదట్లోనే విరిగిపోతుంది.

పరీక్ష కోసం మలేషియాకు పంపాలన్న ఆలోచన వస్తే, వందేళ్లు దాటిన వస్తువులను దేశం దాటించడంపై 1972 నాటి పురావస్తు చట్టం ఆంక్షలు విధిస్తుందని గుర్తుంచుకోండి. ఫోటోలు చాలు. మబ్బు పట్టిన రోజున, ఫ్లాష్ లేకుండా, పక్కన స్కేలు పెట్టి, గంజను వెనుక నుండి చూపే ఫోటో ఒకటి, తొండం వైపు దగ్గరగా ఒకటి, తోమని ముఖం మొత్తం కనిపించేది ఒకటి ఇక్కడ పెట్టండి. గంజ వెనుక భాగం బల్లి తలలా ముందు సన్నబడి మధ్యలో ఉబ్బి ఉందా, మొత్తం సమానంగా ఉందా అన్నది వాటిలో ముందుగా చూస్తాను.